వెనక్కి తిరిగిన గింజ

జూన్ 4, మంగళవారం

ఆఫీసులో అందరికీ డైరీలు పంచారు. పేజీకో మంచి మాట అచ్చేశారు. ఈ పేజీలో మాట మీద తెల్ల కాగితం అంటించి మొదలుపెడుతున్నాను.

పిల్లల ఆసుపత్రి గోడలకు బొమ్మలు పెట్టే పని మా డిజైన్ సంస్థకే వచ్చింది. చీటీలిచ్చే కిటికీ దగ్గర్నుంచి ఎక్స్‌రే గది దాకా పొడవాటి నడవా, రెండువైపులా బోసి గోడలు. సూదికి వెళ్లే పిల్లలు ఏడవకుండా ఆ నడవా దాటాలి, అదీ వాళ్లడిగింది. మా పెద్దాయన మూడు వారాలుగా అందరి నమూనాలూ తిప్పికొడుతున్నాడు. ఆయన్ని మేం చాటుగా గడువుగారు అంటాం. ఏ మాట మొదలుపెట్టినా గడువు దగ్గరే ఆపుతాడు. నిన్న నేను గోండు బొమ్మల తీరులో ఒక జింకను పెట్టాను. దాని కొమ్ములే చెట్టయ్యాయి, చెట్టు నిండా పిట్టలు, ఒంటినిండా సన్నటి గింజల్లాంటి గీతలు. గడువుగారు కుర్చీ ముందుకు లాక్కుని, ఇదెక్కడిదమ్మా అన్నాడు.

రిఫరెన్సులు చూసి చేశానండీ అన్నాను.

అబద్ధం కాదు. చూసే చేశాను.

జూన్ 5

అబద్ధం కాదని నిన్న రాసుకున్నాను. నిజమైతే రాసుకోవాల్సిన పనేముంది?

జూన్ 9, ఆదివారం

అత్త దగ్గరికి వెళ్లొచ్చాను. రెండు బస్సులు మారాలి, రెండోది ఎప్పుడూ ఆలస్యమే. అత్త నాన్నకు అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈవిడే. ఒక చోట కుదురుగా కూర్చోనని ఉడత అని పేరు పెట్టింది. కాలేజీ అయిపోయినా, ఉద్యోగం వచ్చినా ఆ పేరు పోలేదు.

ఒంటినిండా పొలుసులుండే అలుగు బొమ్మ వేస్తోంది. ముందు గీత, తర్వాత రంగు, అన్నిటికంటే చివర ఒళ్లు నింపడం. ఆ పనికి ఆమె మాట అదే. మా గోండువాళ్లలో ఎవరి నింపుడు వాళ్లదే. ఒకరు చేప పొలుసులు వేస్తారు, ఒకరు నెలవంకలు, ఇంకొకరు చుక్కల బారు. కింద పేరు చదవక్కర్లేదు, పులి ఒళ్లు చూసి అది ఎవరి చెయ్యో చెప్పేస్తారు. బాగుంది కదా అని పక్కవాళ్ల నింపుడు ఎవరూ వేయరు. వేయకూడదని ఎవరూ చెప్పగా నేను వినలేదు. పక్కింటివాళ్ల దువ్వెనతో తల దువ్వుకోకూడదని కూడా ఎవరూ చెప్పరు.

అత్తది గింజ. వడ్లగింజలా సన్నటి గీత, వరసలు వరసలుగా, అన్నీ ఒకవైపే వాలి ఉంటాయి. ఎక్కడో ఒకటి మాత్రం వెనక్కి తిరుగుతుంది. చిన్నప్పుడు అది తప్పనుకుని చెరిపేయబోయాను. చేతి మీద ఒక్కటిచ్చింది. "అన్నీ ఒకవైపే చూస్తే జింక పటంలా బిగుసుకుపోతుందే. పరిగెత్తేది ఒక్కసారైనా వెనక్కి చూస్తుంది గదా."

బొటనవేలి కీలు ఇంకా వాచింది. ఒక వరస వేసి, చెయ్యి దులుపుకుని, మళ్లీ ఒక వరస వేస్తోంది. ఆఫీసులో ఏం పని జరుగుతోందని అడిగింది. బోర్డులు అని చెప్పాను.

జూన్ 11

పోయిన నెల అత్త జింకను ఫొటోలు తీసుకున్నాను, దాచుకోవడానికి.

దాచుకోవడానికే. తర్వాత అందులోంచి గింజల వరస ఒక ముక్క కత్తిరించి కంప్యూటర్లో కుంచెగా మార్చాను. ఇప్పుడు పులిని గీసి ఒక్క నొక్కు నొక్కితే చాలు, మెడ నుంచి తోక దాకా ఒళ్లు నిండిపోతుంది. అత్తకు ఒక జింక నాలుగు రోజులు. ఇవాళ మధ్యాహ్నం టీకి ముందే ఎలుగును, అడవిపందిని, నెమలిని, రెండు కుందేళ్లను పూర్తిచేశాను. గడువుగారు నా వెనక నిలబడి, ఈ గింజ మన సంస్థ సొంత ముద్ర అయిపోవాలమ్మా, గడువులోపల, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటర్వ్యూ రోజు నీది ఏ ఊరని అడిగితే కాలేజీ ఉన్న ఊరు చెప్పాను. ఆ మాటా అబద్ధం కాదు.

జూన్ 14

సాయంత్రం అత్త ఫోను. గొంతులో పరుగు. ఆసుపత్రి పెద్ద నర్సు ఆమెకు ఫోను చేసిందట. రెండేళ్ల కిందట ఏదో ప్రదర్శనలో అత్త దగ్గర కుందేలు బొమ్మ కొనుక్కుని, నంబరు రాసుకుని ఉంచిందట. పిల్లల ఆసుపత్రిలో ఆటల గదికి ఒక గోడ చేత్తో వేయించాలనుకుంటోందట. ముందు ఒక నమూనా పంపాలి.

"గోడంతా నాకే ఉడతా. ఏనుగు పూర్తిగా పడుతుంది. ఇన్నాళ్లూ కాగితానికి సరిపోక ఏనుగు తొండం మడిచి పెడుతున్నా."

ఏ ఆసుపత్రో చెప్పింది. మాదే.

నమూనా ఆసుపత్రి గోడల పని చూసే సంస్థకు పంపాలట, చిరునామా కూడా చెప్పింది. ఆ చిరునామా నాకు కంఠతా వచ్చు. రోజూ పొద్దున్నే ఆ మెట్లే ఎక్కుతాను.

మంచిదత్తా అన్నాను. రేపు చెప్తాను.

జూన్ 15

రేపు చెప్తాను.

జూన్ 17

గడువుగారికి ముందు చెప్పాలా, అత్తకు ముందు చెప్పాలా అన్నదే తేలడం లేదు. తేలగానే చెప్తాను. ఆయనకు చెప్పాలంటే ఆవిడ మా మేనత్త అనాలి. ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న నా గురించి. ఆ తర్వాత నేను డిజైనర్ని కాకుండా పోతాను, "ఆ అమ్మాయికి పుట్టుకతో వచ్చింది" అవుతాను. నాలుగేళ్లు చదువుకుంది ఇందుకు కాదు.

పైన రాసింది చదువుకున్నాను. మాటలు బాగానే పేర్చాను.

జూన్ 22

నడవాలో అచ్చేసిన బొమ్మల షీట్లు అంటించడం ఇవాళ్టితో అయిపోయింది. మా ప్రింటింగు అన్న గాలి బుడగలు లేకుండా గోడంతా చెయ్యి పెట్టి నునుపు చేశాడు. జింక నా కంటే ఎత్తుంది. చేతికి కట్టు కట్టిన ఒక పాప పులి ముక్కు మీద చెయ్యేసి వాళ్లమ్మను ఆపేసింది. ఏడవలేదు. నాకు సంతోషంగా ఉండాలి.

జూన్ 24, సోమవారం

పార్సిలు వచ్చింది.

గడువుగారి గదిలో బల్ల మీద విప్పారు. పెద్ద నర్సు, ప్రింటింగు అన్న, ఇద్దరు డిజైనర్లు, నేను. ఏనుగు. తొండం చాచి ఉంది. దాని పొట్ట కింద చిన్న జింక వెనక్కి చూస్తోంది. గీతల్లో అక్కడక్కడా వణుకుంది. నొప్పి ఎక్కడ ఎక్కువై ఆగిందో, చెయ్యి దులుపుకుని మళ్లీ ఎక్కడ మొదలుపెట్టిందో నాకు కనిపిస్తోంది. అలా చూడగలిగేది ఆ గదిలో నేనొక్కదాన్నే.

గడువుగారు కళ్లద్దాలు పైకి తోసి, ఇది మన గింజ కదా అన్నాడు.

నడవా ఎవరైనా వచ్చి చూసుంటారు అన్నారొకరు. షీట్లు అంటించడం శనివారమేగా అయింది, ఫైలే బయటికి పోయుంటుంది అన్నారింకొకరు. ఈవిడ ఎప్పట్నుంచో ఇలాగే వేస్తుంది, నా దగ్గరున్న కుందేలు చూడండి అని పెద్ద నర్సు అనబోయింది. కానీ ఆ కుందేలు అరచేయంత బొమ్మ, దాని మీద గింజలు పట్టలేదు, చెవుల్లో నాలుగు గీతలు తప్ప. ఆమె సగంలో ఆగిపోయింది. అప్పుడు గడువుగారు నావైపు తిరిగాడు.

"నువ్వు చేసిందేగా అమ్మా. నువ్వు చెప్పు. కాపీయేనా?"

నేను ఏనుగు వైపు చూస్తూ, పోలికైతే ఉందండీ అన్నాను.

పోలికైతే ఉందండీ.

జూన్ 25

ఉత్తరం నన్నే రాయమన్నాడు. సంతకం కూడా నువ్వే పెట్టు, డిజైను నీదే కదా అన్నాడు. నాలుగు వరసలు.

మీరు పంపిన నమూనా అందింది.
అందులోని నింపుడు మా సంస్థ రూపొందించిన డిజైనుకు అనుకరణగా ఉంది.
అనుకరణలను మేము స్వీకరించము.
నమూనాను తిరిగి పంపుతున్నాము.

కింద సంతకం పెట్టాను. చివర తోక కూడా గీశాను, అలవాటుగా. అత్త చదువుకోలేదు. ఎవరూ చదివి పెట్టకపోతే ఆ కాగితం ఆమెకు ఉత్త కాగితమే. కవరు అంటిస్తూ నేను ఆలోచించింది ఇదే. ఇది రాసుకోవడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

జూన్ 30, ఆదివారం

నేను వెళ్లేసరికి ఉత్తరం విప్పి, మడత సాపు చేసి, బల్ల మీద రంగు డబ్బా కింద పెట్టి ఉంది.

"నీ కోసమే ఉంచా. చదువు."

చదివాను. నమూనా అందరికీ చాలా నచ్చిందని చదివాను. ఏనుగును మరీ మెచ్చుకున్నారని చదివాను. అయితే ఆటల గదిలో కొత్తగా ఒక కిటికీ పెడుతున్నారు, గోడ కొలతలు మారిపోయాయి, అందుకని ప్రస్తుతానికి పని ఆపాల్సి వస్తోంది, మన్నించాలి అని చదివాను. మధ్యలో తడబడ్డట్టు కూడా చేశాను, నిజంగా చదువుతున్నట్టు ఉండాలని.

అత్త కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "నాలుగు వరసల్లోనే ఇన్ని మాటలు పట్టించారా. పొదుపైన మనుషులే" అంది. నేను నవ్వాను.

కిటికీ అవతలికి గోడ ఎంత మిగిలిందో కనుక్కోవాలి అంది. నేను కనుక్కుంటాలే అన్నాను.

జూలై 4

టీ దగ్గర ప్రింటింగు అన్న నవ్వుతూ చెప్పాడు. షీటు అంచు ఒకటి లేస్తోందంటే పొద్దున ఆసుపత్రికి వెళ్లాడట. ఒక పెద్దావిడ దారం ఉండతో ఆటల గది గోడ కొలుస్తోందట. కొలిచాక నడవాలోకొచ్చి జింక ముందు నిలబడింది. ముక్కు గోడకు ఆనేంత దగ్గరగా. వేలితో గింజలు లెక్కపెడుతూ మెడ నుంచి తోక దాకా వెళ్లింది, మళ్లీ పులి దగ్గర మొదలుపెట్టింది. పిల్లలు కూడా ఆమె వెనకే లెక్కపెట్టడం మొదలుపెట్టారట. చివరికి పెద్ద నర్సు వచ్చి పక్కకు తీసుకెళ్లి ఏదో చెప్పిందట.

"నన్ను కూడా అడిగింది, ఇవన్నీ ఎవరు చేశారు బాబూ అని."

ఏం చెప్పావన్నా అన్నాను.

"నీ పేరే చెప్పా. మంచి పేరు వస్తుంది కదా నీకు."

కప్పు కింద పెట్టబోతే బల్ల దొరకలేదు. టీ పాదాల మీద పడింది. వేడి తర్వాతెప్పుడో తెలిసింది.

జూలై 5

ఫోను రాలేదు. నేనూ చేయలేదు.

జూలై 6

ఫోను రాలేదు.

జూలై 7, ఆదివారం

రెండో బస్సు ఇవాళ వేళకే వచ్చింది.

అత్త ముందు కొత్త కాగితం. ఉడుము. ఒంటినిండా గుండ్రాలు వేస్తోంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, కొన్ని కలవకుండా విడిపోయాయి. గుండ్రానికి బొటనవేలు పూర్తిగా తిరగాలి. తిరగడం లేదు. గింజ ఏమైందత్తా అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

"అది వాళ్లదంట గదా. ఇప్పుడు నేనేస్తే నేనే దొంగని. అరవై దాటాక ఇంకోటి వెతుక్కుంటున్నా."

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"వాళ్ల జింకలో గింజ పదకొండుకోసారి తిరిగింది. పులిలోనూ పదకొండే. ఎలుగులోనూ. నా చెయ్యి ఎప్పుడు తిరుగుతుందో నాకే తెలీదు. లెక్కపెట్టి వెనక్కి చూసే జింక ఉంటుందా ఎక్కడైనా?"

కుంచెకు ఎంత ముక్క కత్తిరించానో గుర్తొచ్చింది. పదకొండు గింజలు. పదకొండోది తిరిగింది. అదే ముక్క గోడంతా.

"కాగితం పెట్టెలో ఉంది. తియ్యి. ఈసారి అందులో ఉన్నదే చదువు."

చదివాను. అనుకరణ అన్న మాట దగ్గర ఆగాను. ఆమె కుంచె కూడా ఆగింది. మళ్లీ చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. మూడోసారికి ఆ నాలుగు వరసలూ కాగితం చూడకుండానే వచ్చేశాయి.

"కింద ఎవరిది?"

నాది అన్నాను.

"తెలుసు. ఆ తోక నేర్పింది నేనే. బళ్లో మొదటిసారి సంతకం అడిగితే ఏం గీయాలో తెలీక ఏడిస్తే, ఉడత తోక గీసెయ్యమన్నా." కుంచె నీళ్లలో ముంచింది. "కవరు విప్పగానే తెలుసు. పోయిన ఆదివారం నీ చేతికిచ్చింది చదవమని కాదు. చెప్తావేమోనని."

తిట్టమన్నాను. ఏడుస్తూనే అన్నాను, అది కూడా సిగ్గుగానే ఉంది, నేను ఏడిస్తే ఓదార్చాల్సింది ఆమె కదా.

"తిడితే నీకు తేలికవుద్ది. నాకేమవుద్ది?"

నేను వెళ్లడానికి చెప్పులు వేసుకుంటుంటే, తలెత్తకుండా అంది. "నన్ను దొంగ అన్న గదిలో ఎవరెవరు కూర్చున్నారో వాళ్లందర్నీ మళ్లీ కూర్చోబెట్టు. నేను దొంగని కాదని కాగితం మీద రాయించు. వాళ్ల ముందు చదువు. తర్వాత తెచ్చి ఇక్కడ చదువు. నాలుగు వరసలు చాలు."

జూలై 8

అదే గది. అదే బల్ల. పెద్ద నర్సును నేనే ఫోను చేసి పిలిచాను.

వరసగా చెప్పాలని రాసుకెళ్లాను. నోరు తెరిస్తే ముందు వచ్చింది వేరే మాట. ఆవిడ మా మేనత్తండీ అన్నాను. ఏడాదిన్నరగా ఆ గదుల్లో తిరుగుతూ ఒక్కసారీ అనని మాట. తర్వాత మిగతావి వాటంతటవే వచ్చాయి. ఫొటోలు, కత్తిరించిన ముక్క, ఉత్తరం, కొత్త కిటికీ. కిటికీ గురించి చెప్పేటప్పుడు ప్రింటింగు అన్న తల దించుకున్నాడు. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది.

గడువుగారు, ఆ రోజు నిన్నే అడిగాను కదమ్మా అన్నాడు. అంతే. ఆ మాట చివర గడువు లేదు.

జూలై 11

ఉత్తరం మీద సంస్థ ముద్ర వేయడానికి మూడు రోజులుగా నానుస్తున్నారు. ముద్ర వేస్తే తప్పు సంస్థది అవుతుందట. నీ పేరుతో పంపుకో అన్నాడు గడువుగారు. మీ అందరి ముందు దొంగ అయిందండీ ఆవిడ అన్నాను. పెద్ద నర్సు ఫోనులో ఏమందో నాకు తెలియదు. సాయంత్రం ముద్ర పడింది.

ఆసుపత్రి పనిలోంచి నన్ను తప్పించారు. ఇకమీదట దుకాణాల బోర్డులు. అత్తకు మొదట్లో చెప్పిన అబద్ధం ఇప్పుడు నిజమైంది.

కుంచె ఫైలు తీసేశాను. నిజంగా తీసెయ్యాలా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. ఫొటో తీసేటప్పుడు నన్ను ఎవరూ ఒక్కసారీ అడగలేదు.

నడవా అలాగే ఉంటుంది. ఒలిస్తే గోడ పాడవుతుందట. జింక పక్కన అత్త పేరుతో పలక పెడతారు. గోడంతా పదకొండుకోసారి వెనక్కి చూస్తూనే ఉంటాయి, అన్నీ ఒకేలా.

జూలై 14, ఆదివారం

చదివాను.

ఆటల గది నమూనాలోని నింపుడు మీ సొంతం.
మా నడవాలోని బొమ్మల నింపుడు మీ అనుమతి లేకుండా మీ బొమ్మనుంచి తీసుకున్నది.
మిమ్మల్ని అనుమానించినందుకు సంస్థ సిగ్గుపడుతోంది.
గోడ మీ కోసం ఉంది.

అత్త వేళ్లు మడుస్తూ వరసలు లెక్కపెట్టింది. నాలుగే అంది. కింద గడువుగారి సంతకం, పక్కన నాది. నా సంతకాన్ని కాసేపు చూసింది. తోక గీయలేదు. మొదటి ఉత్తరం చింపేద్దామా అన్నాను.

"వద్దు. రెండూ ఉండనీ."

గోడ వేస్తావా అని అడిగాను. వేస్తానంది. రంగులు కలపడానికి మనిషి కావాలంది. నేను రానా అన్నాను. వచ్చేవాళ్లు రావచ్చమ్మా అంది.

వచ్చేటప్పుడు బస్సులో కానీ అర్థం కాలేదు నాకు. పొద్దుట్నుంచీ అమ్మా అనే పిలిచింది. నీళ్లు కావాలా అమ్మా. తలుపు వేసుకో అమ్మా. కూరగాయలమ్మే ఆమెతో మాట్లాడే గొంతు.

ఆగస్టు 4, ఆదివారం

ఆటల గదిలో మూడో ఆదివారం, ఆఖరిది. మధ్య రోజుల్లో అత్త ఒక్కతే వేస్తుంది, నేను సెలవు రోజున వచ్చి రంగులు కలుపుతాను, గిన్నెలు కడుగుతాను, బల్ల జరుపుతాను. గోడ ముట్టుకోను. ఏనుగు తొండం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చాచి ఉంది. పులి, ఎలుగు, అలుగు, పొదలో కుందేళ్లు. అన్నిటి ఒంటినిండా గింజలు. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వేసింది. గింజ ఎక్కడ తిరుగుతుందోనని నేను ప్రతి వరసా చూశాను. ఏనుగు చెవి మొత్తం తిరగలేదు. తొండం సగంలో వెంటవెంటనే రెండు తిరిగాయి. మళ్లీ చాలా దూరం ఏమీ లేదు.

మధ్యాహ్నానికి అయిపోయింది. పెద్ద నర్సు వచ్చి గోడ ఒక చివర్నుంచి నడుస్తూ చూసింది. కింద మూలలో, పిల్లల మోకాళ్ల ఎత్తులో ఆగి వంగింది. నేను అప్పటిదాకా గమనించలేదు. పొద్దున్న నేను నీళ్లకు వెళ్లినప్పుడు గీసినట్టుంది.

ఉడత. తోక పైకి లేపి, ఏదో ఎత్తుకుపోతూ మధ్యలో ఆగినట్టు. గీత ఒక్కటే ఉంది. ఒంట్లో ఒక్క గింజ కూడా లేదు.

"దీన్ని మర్చిపోయినట్టున్నారు" అంది నర్సు.

అత్త బొటనవేలికి చుట్టిన గుడ్డ విప్పుకుంటోంది.

"మర్చిపోలేదమ్మా. దాని ఒళ్లు నింపడం నా పని కాదు."

నర్సుకు అర్థం కాలేదు, నవ్వి వెళ్లిపోయింది. నేను కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. కుంచె ఒకటి తడిగా గిన్నె అంచు మీదే ఉంది. అత్త దాన్ని సంచిలో పెట్టుకోకుండానే బయటికి నడిచింది.